ఎన్ని రోజులు ఆగాలో చెప్పలేదు

మొన్న కోలారు కాలేజీ పిల్లలు కొందరు మా ఇంటికి వచ్చారు. టీవీ చదువు చదువుతున్నారట. "సార్, ఛానల్లో పనిచేసినప్పుడు మీరు సాధించిన విజయం ఒకటి చెప్పండి" అని అడిగారు. విజయాలు చెప్పేవాళ్ళు ఇప్పుడు వీధికి పదిమంది ఉన్నారు. ఎవర్నడిగినా చెప్తారు, అడక్కపోయినా చెప్తారు. నా దగ్గర గట్టిగా మిగిలింది ఒక తప్పు. అదే చెప్పి పంపాను. వాళ్ళు సగం రాసుకున్నారు, సగం ఫోన్ చూసుకున్నారు. అందుకే మళ్ళీ ఇక్కడ రాస్తున్నాను.

నేను పనిచేసింది రైతుల ఛానల్లో. అలా అని బోర్డు మీద ఉండేది. చివరిదాకా ఉంది. లోపల రైతు లేకుండాపోయాక కూడా బోర్డు దించలేదు, దించడానికి నిచ్చెన కావాలి కదా.

కేజీఎఫ్ బంగారు గనులు మూతపడ్డప్పుడు నాకు నలభై దాటింది. గని టైమాఫీసులో గుమాస్తాని. ఎవరు దిగారు, ఎవరు పైకొచ్చారు అని పేర్లు రాయడం, షిఫ్టు పేర్లు మైకులో చదవడం నా పని. పని పోయింది, గొంతు మిగిలింది. ఆ గొంతు చూసే నాకు రెండో ఉద్యోగం వచ్చింది. గనులు పోయాక కేజీఎఫ్‌లో పెద్ద పెద్ద బంగళాలు చవగ్గా అద్దెకు దొరికేవి. కేబుల్ వైర్లు లాగే కాంట్రాక్టు చేసిన ఒకాయన అలాంటి బంగళా ఒకటి తీసుకుని ఛానల్ పెట్టాడు. కోలారు, ముళబాగిలు, శ్రీనివాసపురం పల్లెలన్నిటికీ కేబుల్లో వచ్చేది. సగం తెలుగు, సగం కన్నడం, మా మాటలాగే.

మా యజమాని మొదట్లో మంచివాడే. ఈ మాట గట్టిగా చెప్తున్నాను, లేకపోతే చెడ్డవాళ్ళంతా పుట్టుకతోనే చెడ్డవాళ్ళని మీరు అనుకుంటారు. మొదటి రోజు ఆయన మమ్మల్నందర్నీ నిలబెట్టి చెప్పింది నాకు గుర్తే. "పాలు డెయిరీకి పోసి ఇంటికి వచ్చినోడు మొగం కడుక్కోని కూర్చుంటే, వాని పని గురించి వానికి చెప్పే టీవీ యాడ ఉండాది? మనం చెప్దాం." అందుకే మా ముఖ్యమైన కార్యక్రమం సాయంత్రం ఏడింటికి పెట్టాడు. పాల వేళ చూసుకుని పెట్టిన వేళ అది.

ఆ కార్యక్రమంలో నేనొక కుర్చీలో, పక్క కుర్చీలో పట్టు శాఖలో ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరైన ఒక పెద్దాయన. రైతులు ఫోన్ చేసేవాళ్ళు, నేను అడిగేవాణ్ణి, ఆయన చెప్పేవాడు. మామిడికి తేనెమంచు పురుగు పట్టిందని రాయల్పాడు నుంచి ఒకరు, రాగికి అగ్గి తెగులు వచ్చిందని ఇంకొకరు. కాని ఎక్కువ ఫోన్లు పట్టుపురుగుల గురించే. మా వైపు వాళ్ళకి రేష్మె పురుగు అంటే పంట కాదు, పసిబిడ్డ. మా అత్తగారి ఊరు కురుడుమలె పక్కన. పెళ్ళైన కొత్తల్లో అల్లుడి హోదాలో వెళ్తే, పురుగుల ఇంట్లోకి నన్ను రానివ్వలేదు. చెప్పులు బయట, కాళ్ళు కడుక్కోవాలి, గడపలో పోసిన సున్నప్పొడి తొక్కి రావాలి. ఒంటికి సెంటు పూసుకున్నందుకు మా అత్త నన్ను వాకిట్లోనే ఆపేసింది. సెంటు వాసనకే చచ్చే ప్రాణికి పురుగుమందు కొట్టిన మల్బరీ ఆకు వేస్తే ఏమవుతుందో మీరే ఆలోచించండి.

అందుకని పెద్దాయన ఒక కట్టడి పెట్టాడు. ఏ మందు పేరు చెప్పినా, దాని వెనకే రోజులు చెప్పాలి. ఆ మందు కొట్టాక ఎన్ని రోజులు ఆగి ఆ ఆకు పురుగులకు వేయొచ్చో చెప్పకుండా నోరు మూయకూడదు. "మందు ఒక్కటే చెప్పి లేస్తే అది సగం మాట అప్పా. సగం మాటకి నిండు ప్రాణాలు పోతాయి" అనేవాడు. నేను ఒకటి రెండుసార్లు మర్చిపోతే కెమెరా ముందే మోకాలితో తట్టాడు. ఏళ్ళ తరబడి అలా జరిగేసరికి అది పల్లెల్లో కూడా అలవాటైపోయింది. "ఇది కొట్టండి, పదిహేను దినాలు ఆగండి" అని మేమంటే ఆగేవాళ్ళు. వేపకషాయంలాంటి వాటికి "దీనికి ఇన్నాళ్ళని లేదు" అని కూడా చెప్పేవాళ్ళం. డెయిరీ దగ్గర నన్ను చూస్తే పిల్లలు కూడా "ఎన్ని దినాలు సార్, ఎన్ని దినాలు?" అని ఆటపట్టించేవాళ్ళు. నాకది బిరుదు ఇచ్చినంత సంతోషంగా ఉండేది.

తర్వాత బెంగళూరు నుంచి మార్కెటింగ్ మేనేజరు దిగాడు. ఇస్త్రీ చొక్కా, ల్యాప్‌టాప్, నోటి నిండా 'ప్రేక్షకుడు' అనే మాట. రైతు అనే మాట ఆయన నోట నేను వినలేదు. మొట్టమొదట పొద్దున ఒక గంట జ్యోతిష్కుడికి అమ్మాడు. అది ఒక్క గంటే కదా అన్నారు. తర్వాత ఉంగరాలవాడు వచ్చాడు. మోకాళ్ళ నొప్పి తైలం వచ్చింది. బెంగళూరు చుట్టుపక్కల సైట్లు అమ్మేవాడు వచ్చాడు, వాడు అమ్మేది ఎవరి పొలమో వాడికే తెలియదు. స్టూడియోలో మేము కట్టుకున్న రాగి వెన్నుల పందిరి ఒకటి ఉండేది, దాని కిందే కూర్చుని ఉంగరాలవాడు కెంపులు, పగడాలు చూపించేవాడు. పందిరి మార్చండయ్యా అంటే, "సార్, అది ఉంటే నమ్మకం వస్తుంది" అన్నాడు మేనేజరు. అంటే సంగతి వాళ్ళకు తెలుసు. నమ్మకం ఎవరిదో, ఎవరు సంపాదించిందో తెలిసే వాడుకున్నారు.

మా కార్యక్రమం ఏడింటి నుంచి పగలు పదకొండుకి పోయింది. పగలు పదకొండుకి ఇంట్లో కూర్చుని టీవీ చూసే రైతు ఎవరయ్యా అని అడిగితే, యజమాని తల గోక్కుని, "ఇంగ ఏం చేసేదప్పా, రైతు చూస్తాడే గాని ఏమీ కొనడు" అన్నాడు. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య. మమ్మల్ని ఇంటింటికీ చేర్చినవాడు ఆ చూసేవాడే అని ఆయనకు గుర్తులేదు. మళ్ళీ ఒక ఆర్నెల్లకు సగం నిడివి చేసి ఏడింటికే తెచ్చారు, కాని ఉంగరాలవాడి తర్వాత, సైట్లవాడి ముందు. ఈసారి పెద్దాయన లేడు. కంపెనీల మందుల పేర్లు చదవమంటే ఆయన చదవలేదు, అందుకని కారు పంపడం ఆపేశారు. రావద్దని చెప్పే ధైర్యం కూడా ఎవరికీ లేదు. పాపం ఆయన నాలుగు రోజులు తెల్ల చొక్కా వేసుకుని కారు కోసం తన ఇంటి గేటు దగ్గర నిలబడ్డాడట.

నేను మాత్రం ఉండిపోయాను. ఎందుకున్నావని మీరు అడుగుతారు. ఇంకో నాలుగేళ్ళు గడిస్తే కూతురి చదువు అయిపోతుంది అనుకున్నాను. నేను కూడా లేచిపోతే రైతులకి ఒక్కడు కూడా ఉండడు కదా అని ఇంకో సాకు. రెండో సాకు చాలా బాగుంటుంది, అందరికీ చెప్పుకోవచ్చు. మీక్కూడా ఏదో ఒకనాడు పనికొస్తుంది, దాచుకోండి.

ఒకరోజు మేనేజరు ఒక కాగితం తెచ్చి నా చేతిలో పెట్టాడు. ఏదో కంపెనీ ద్రావణం. ఆకు నల్లగా, దట్టంగా వస్తుంది, తెగుళ్ళు రావు, అన్ని పంటలకూ వాడవచ్చు. "ఇందులో పురుగుమందు ఉందా?" అని అడిగాను. "హెర్బల్ సార్" అన్నాడు. ఆ మాటకు అర్థం ఆయనకూ తెలియదు, నాకూ తెలియదు. "ఆకు మీద కొట్టాక ఎన్ని రోజులాగాలి?" అన్నాను. ఆయన నా వైపు జాలిగా చూశాడు. "సార్, ఆగండి అంటే ఎవరైనా కొంటారా? కాగితంలో ఉన్నది చదవండి, చాలు. మీ గొంతులోనే రావాలని కంపెనీవాళ్ళు అడిగినారు."

నా గొంతు అడిగారు అనగానే నేను కొంచెం పొంగాను, అది కూడా దాచను. కాగితంలో ఉన్నది ఉన్నట్టు చదివాను. రోజుల మాట లేదు, చెప్పలేదు. రికార్డు చేసుకుని రోజుకు మూడుసార్లు వేశారు.

రెండో వారంలో ఒక మధ్యాహ్నం గేటు దగ్గర గొడవ వినిపించింది. వాచ్‌మన్ ఒకామెను లోపలికి రానివ్వడం లేదు. నలభై ఏళ్ళ మనిషి, చంకలో గుడ్డ మూట. నన్ను చూడగానే, "ఆయనే, రైతుల సారు ఆయనే!" అని గట్టిగా అంది. సుగటూరు నుంచి రెండు బస్సులు మారి వచ్చింది. భర్త కోలారు పక్క నర్సాపురం వైపు ఫ్యాక్టరీలో వాచ్‌మన్, పురుగుల పని అంతా ఆమెదే. కొత్తగా పురుగుల ఇల్లు కట్టుకుంది, అందులో ఇది మొదటి పంట.

మెట్ల మీద కూర్చుని మూట విప్పింది. పురుగులు. ఎదిగినవి, వేలంత పొడుగు. నాలుగో జ్వరం లేచినవి అని చూస్తేనే తెలిసింది. పట్టుపురుగు పొర విడిచేముందు మేత మాని పడుకుంటుంది, దాన్నే మా వైపు జ్వరం అంటారు. నాలుగో జ్వరం లేచిందంటే ఇంక వారం తింటే గూడు కడుతుంది. ఆ పురుగులు ముడుచుకుపోయి ఉన్నాయి, నోట్లోంచి పచ్చటి నీళ్ళు కారి గుడ్డంతా మరక అయింది. రెండు మూడు ఇంకా తల అటూ ఇటూ కొట్టుకుంటున్నాయి.

"మొన్న మీరు చెప్పిన మందు ఆకుకి కొట్టినాను సార్. నిన్న సాయంత్రం ఆ ఆకే వేసినాను. తెల్లారేకి అన్నీ ఇట్లే ఉండాయి."

"ఎన్ని దినాలు ఆగావమ్మా?" అన్నాను. నా నోటికి అలవాటైన ప్రశ్న అది, దానంతటదే వచ్చేసింది.

ఆమె నన్ను విచిత్రంగా చూసింది. "మీరు చెప్పలేదు కదా సార్. ఎప్పుడూ చెప్తారు, ఇన్ని దినాలు ఆగల్లని. ఈ మందుకి చెప్పలేదు. చెప్పలేదంటే ఆగే పనిలేదు అనుకుంటిని."

ఆమె తప్పు చేసిందని ఎవడైనా అంటే వాడి నోరు పడిపోతుంది. మేము ఏళ్ళపాటు పాఠం చెప్పి నేర్పించిన పద్ధతినే ఆమె అక్షరాలా పాటించింది. కొత్తగా చూసేవాడెవడైనా డబ్బా మీద చదువుకునేవాడు, దుకాణంలో అడిగేవాడు. మా పాత ప్రేక్షకురాలు కాబట్టే ఆమె మోసపోయింది.

"పొద్దున ఫోన్ చేయకూడదా అమ్మా?" అన్నాను.

"చేసినాను సార్, టీవీలో వచ్చే నంబరుకే. ఎవరో పాప ఎత్తింది. పురుగులు చస్తా ఉండాయమ్మా అంటే, మీ నక్షత్రం ఏమి అని అడిగింది. నాకు తెలీదు అంటే పుట్టిన తేదీ చెప్పమనింది. పగడం ఉంగరం పెట్టుకుంటే పీడ పోతుందంట." ఆమెకు నవ్వు రాలేదు, నాకూ రాలేదు. మా రైతుల నంబరును ఉంగరాలవాడికి ఇచ్చేసిన సంగతి నాకు అప్పుడే తెలిసింది.

ఆమెను అక్కడే కూర్చోబెట్టి పెద్దాయనకు ఫోన్ చేశాను. ఆయన అంతా విని ఒక్కటే అడిగాడు. "ఎన్ని దినాలని చెప్పినావు?"

"చెప్పలేదు సార్."

"మిగిలిన ఆకు వేయద్దని చెప్పు. చచ్చినవి సున్నం వేసి పూడ్చమని చెప్పు. ఇంగ నీకు చెప్పేది ఏముండాదప్పా" అని ఫోన్ పెట్టేశాడు. ఆ మాటలు ఆమెకు చెప్పి, నాలుగున్నర బస్సుకి పంపాను. మూట మళ్ళీ జాగ్రత్తగా కట్టుకుని తీసుకెళ్ళింది. అక్కడ ఎక్కడ పారేయాలో ఆమెకు తెలియలేదేమో.

మూట చూసినప్పటి నుంచి నాకు ఒకటే భయం. ఆ వారం మా జిల్లాలో చాలా ఇళ్ళలో పురుగులు నాలుగో జ్వరం లేచే దశలో ఉంటాయి. ఇంకెందరు కొడతారో, ఇంకెందరి ఇళ్ళు ఇలా అవుతాయో. యజమాని గదిలోకి వెళ్ళి ఆ ప్రకటన ఆపమన్నాను. ఆయన మేనేజరు వైపు చూశాడు. ఒకప్పుడు మాకందరికీ దారి చూపించిన మనిషి, ఏది అడిగినా మేనేజరు వైపు చూడ్డం నేర్చుకున్నాడు. మేనేజరు కంప్యూటరు మూయకుండానే, "నెల అగ్రిమెంటు సార్. కావాలంటే కింద చిన్న అక్షరాల్లో వైద్య సలహా తీసుకోండి అని పరిగెత్తిద్దాం" అన్నాడు. పురుగులకు వైద్య సలహా. నాకు కొట్టాలనిపించింది, కొట్టలేదు. గుమాస్తా కొడుకుని, గుమాస్తాని.

ఏడింటికి నా కార్యక్రమం లైవ్. కాగితం మళ్ళీ చదవాలి. ఉంగరాలవాడు లేచిన కుర్చీలో కూర్చున్నాను, కుర్చీ ఇంకా వెచ్చగానే ఉంది. కెమెరా వెనక నిలబడ్డ మా కేజీఎఫ్ తమిళాయన, గని రోజుల నుంచి తెలిసినవాడు, చెయ్యి ఊపాడు. నేను కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను. "ఈ రెండు వారాలుగా నా గొంతుతో మీరు విన్న మందు మల్బరీ ఆకుకి కొట్టద్దు. కొట్టి ఉంటే ఆ ఆకు పురుగులకు వేయద్దు. సుగటూరులో ఒక ఇంట్లో పురుగులు చచ్చిపోయాయి. ఎన్ని రోజులు ఆగాలో నేను చెప్పలేదు, తప్పు నాది, చెప్పకుండా చదివించిన వాళ్ళది" అన్నాను. ఇంకా చెప్పాలనుకున్నాను. ఎదురుగా ఉన్న చిన్న తెరలో నా ముఖం పోయి సైట్ల ప్రకటన వచ్చేసింది. తమిళాయన కెమెరా ఆపకుండా అలాగే నిలబడ్డాడు. ఎవరికీ కనిపించదని తెలిసీ ఆయన ఆపలేదు, ఆ మర్యాద నేను మర్చిపోలేను.

ఉద్యోగం ఆ సాయంత్రమే పోయింది. పోయినందుకు మాత్రం నాకు గర్వంగా ఉండింది, అది కూడా చెప్పాలి. వారమంతా ఇంట్లో కూర్చుని, నా హెచ్చరిక విని ఎన్ని పల్లెలు బతికాయో అని లెక్కలు వేసుకున్నాను. ముళబాగిలు వైపు ఇన్ని, శ్రీనివాసపురం వైపు ఇన్ని. గని మూసినప్పుడు లాభం లేదని తాళం వేసి చేతులు దులుపుకున్నారు, అది ఎంత నిజాయితీ అనిపించింది. మా ఛానల్ వాళ్ళు తాళం వేయలేదు, లోపలున్న మనుషుల్ని మార్చి తలుపు తెరిచే ఉంచారు.

తర్వాతి ఆదివారం పెద్దాయనను బతిమాలి వెంటబెట్టుకుని సుగటూరు వెళ్ళాను. ముందు డెయిరీ దగ్గర ఆగాం. పది పదిహేనుమంది క్యాన్లతో నిలబడి ఉన్నారు. గోడకు టీవీ ఉంది, క్రికెట్ నడుస్తోంది. ఆ రోజు ఏడింటికి నేను చెప్పింది ఎవరైనా విన్నారా అని డెయిరీ సెక్రటరీని అడిగాను. లోపల పొగడ్త కోసం కొంచెం సిద్ధపడే అడిగాను.

"ఆ ఛానలా సార్?" అన్నాడు. "అది ఉంగరాలది కదా. రెండేండ్ల కిందే మానేస్తిమి. ఇప్పుడు ఎవరు చూస్తారప్పా దాన్ని?" పక్కనున్నవాళ్ళు కూడా తలలూపారు. ఇంకొకతను నవ్వుతూ, "మందు కావాల్నంటే అంగడిలో అడుగుతాము, లేదంటే ఫోన్లో చూస్తాము" అన్నాడు.

అంటే వినడానికి ఎవరూ లేరు. రైతుల్ని తరిమేసి, ఇంకా ఉన్నారని కంపెనీకి చెప్పి, లేనివాళ్ళని అమ్ముకున్నారు. ఆ లేనివాళ్ళని రక్షించానని నేను వారం రోజులు గర్వపడ్డాను. మా మేనేజరుకీ నాకూ తేడా ఎంతంటే, ఆయనకు నిజం తెలుసు.

ఆమె ఇల్లు ఊరి చివర. పురుగుల ఇంటి తలుపు బార్లా తెరిచి ఉంది. అలా తెరిచి ఉండకూడని తలుపు. లోపల ఖాళీ తట్టలు కడిగి బోర్లించి ఉన్నాయి. గూళ్ళు కట్టించే చంద్రికలు, కొత్త వెదురువి, ఒక్క పోగు అంటుకోకుండా గోడకి ఆనించి ఉన్నాయి. మేము వచ్చామని ఆమె గబగబా చాప వేసింది.

"అమ్మా, నువ్వు వచ్చిన రోజు సాయంత్రం టీవీలో చెప్పాను. విన్నావా?"

"లేదు సార్. ఆ పొద్దుకి బస్సులోనే ఉంటిని" అంది.

"ఊళ్ళో ఎవరూ చూడటం లేదంట కదమ్మా ఆ ఛానల్. నువ్వెందుకు చూస్తా ఉన్నావు?"

ఆమె కొంచెం సిగ్గుపడింది. "ఉంగరాలోడు పోయినాక మీరొస్తారు కదా సార్. మీరు వచ్చేదాకా పెట్టుకోని ఉంటాను. అందరూ నగుతారు నన్ను. నగితే నగనీలే, ఆయప్ప మనకు మంచి చెప్పే మనిషి అంటాను."

పెద్దాయన తల వంచుకున్నాడు. నాకు కళ్ళనీళ్ళు వచ్చాయి, తుడుచుకోవడానికి కూడా సిగ్గేసింది.

"మీరు ఇప్పుడు ఏ ఛానల్లో వస్తారు సార్?" అని అడిగింది.

"ఎక్కడా రానమ్మా."

"అట్లయితే ఇంగ నేను ఎవర్ని అడగల్ల?"

పెద్దాయన లేచి, గడప దగ్గరున్న సున్నప్పొడి కొంచెం తడిపి, వేలితో గోడ మీద తన ఫోన్ నంబరు పెద్ద అంకెల్లో రాశాడు. ఆమె ఆ అంకెల్ని ఒకసారి చదువుకుంది. తర్వాత నా వైపు తిరిగి, "మీదీ రాయండి సార్" అంది.

రాయడానికి నాకు చెయ్యి రాలేదు.